ఎవరూ లేని పిల్ల అని రాసింది నేనే

నా సర్వీసు మొత్తంలో పై అధికారి నన్ను అందరి ముందు మెచ్చుకున్నది ఒక్కసారే. అది కూడా నేను చేసిన తప్పులన్నింటిలోకి పెద్ద తప్పుకు. ఆ రోజు కొట్టిన చప్పట్లు ఇప్పటికీ నన్ను కుదురుగా కూర్చోనివ్వవు. రిటైరై ఇన్నేళ్లయినా పొద్దున్నే లేచి ఇంట్లో ఈ గది నుంచి ఆ గదికి తిరుగుతుంటాను. మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "నీకింక జీపు రావాల్నా ఏంది?" అని ఆటపట్టిస్తారు.

ఈమధ్య మా శాఖలో కొత్తగా ఉద్యోగం వచ్చిన అమ్మాయిలిద్దరు ఇంటికొచ్చి, "మేడం, మీ అనుభవాలు చెప్పండి" అన్నారు. చెప్పాను. చాయ్ తాగి, బుద్ధిగా తలలూపి వెళ్లారు. వాళ్లు గేటు దాటాక నాకు చెడ్డ చిరాకేసింది. వాళ్ల మీద కాదు, నా మీద. చెప్పుకోదగ్గవన్నీ చెప్పి, చెప్పాల్సినది మింగేశాను. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీ ఆర్డర్లు, ఫైళ్లు నడిపే పద్ధతులు ఇందులో ఉండవు. అవి మీకు ఎవరైనా చెబుతారు.

గద్వాల సారు

నా మొదటి పోస్టింగు గద్వాలలో, పిల్లల సంక్షేమ శాఖ సూపర్‌వైజరుగా. అంగన్‌వాడీలు చూడటం, ఇళ్లు తిరగడం, చూసుకునే దిక్కు లేని పిల్లలు కనబడితే పై ఆఫీసుకు రాయడం నా పని. అక్కడి మా సారు పొట్టిగా, బొద్దుగా, ఎప్పుడూ వక్కపలుకు నములుతూ ఉండేవారు. ఏ ఇంటికెళ్లినా గడప పక్కన చతికిలబడి మంచినీళ్లు అడిగేవారు. చెంబు చేతికొచ్చేలోపు ఇంటివాళ్లు సగం సంగతి వాళ్లంతట వాళ్లే చెప్పేసేవారు.

"జర కూసోని మాట్లాడమ్మా. నిలవడి అడిగితె పోలీసోళ్లొచ్చిన్రనుకుంటరు," అని నాతో ఎన్నిసార్లన్నారో.

నాకేమో ఆయన ఒట్టి బద్ధకస్తుడనిపించేది. నేను పూటకు పదిళ్లు తిరిగితే ఆయన తిరిగేది రెండిళ్లు. నిజం చెప్పొద్దూ, ఆయనలోనూ ఒక లోపం ఉండేది. తెలిసిందేదీ కాగితం మీద పెట్టేవారు కాదు. ఆయనకు బదిలీ అయిన రోజున ఆ ఊళ్ల సంగతులన్నీ ఆయనతోపాటే బస్సెక్కి వెళ్లిపోయాయి. నేను మాత్రం కాగితం తప్ప ఇంకేదీ నమ్మని మనిషిని. మా ఇద్దరిలో ఎవరి వల్ల ఎక్కువ నష్టం జరిగిందో చదివాక మీరే చెప్పండి.

బయట గొళ్లెం

రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు నాగర్‌కర్నూల్ వచ్చాను. అప్పటికి జిల్లాలు విడిపోలేదు. పెద్దాఫీసు, పిల్లల కమిటీ, శిశుగృహం అన్నీ పాలమూరులోనే. దసరా వెళ్లిందంటే మెట్ట ఊళ్లలో సగం ఇళ్లకు తాళాలు పడేవి. కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రి లారీ పంపిస్తే మొగుడూ పెళ్లాలు మూటలు కట్టుకుని బొంబాయి వైపో, పుణె వైపో బతకపోయేవారు. రోడ్డు పని, కాలువ పని. తిరిగొచ్చేది తొలకరికే. ఇదంతా నాకు తెలియదా అంటే తెలుసు. రిజిస్టర్లో "వలస" అని ఉన్న గడి నింపేది నేనే కదా!

కోడేరు మండలంలో ఒక ఊళ్లో మిట్టమధ్యాహ్నం నడిచి వస్తున్నాను. ఒక ఇంట్లోంచి పిల్ల ఏడుపు వినిపించింది. తలుపుకు బయట గొళ్లెం పెట్టి ఉంది. తీసి చూద్దును కదా, లోపల నలుగురు పిల్లలు. పెద్దవాడికి ఆరేళ్లుంటాయి, చిన్నపిల్లకు మూడు. మధ్యలో ఒకే ఒక పెద్ద తల్లె, అందులో పప్పులో నలిపిన జొన్నరొట్టె. నలుగురూ అందులోనే చేతులు పెట్టి తింటున్నారు. విడివిడిగా కంచాలు కూడా లేవు అని మనసులో రాసేసుకున్నాను.

కాసేపటికి చంకన నీళ్ల బిందెతో ఒక ముసలమ్మ వచ్చింది. పేరు ఖాజాబీ అంది.

"ఎవరీ పిల్లలు?" అన్నాను, నిలబడే.

"బతకపోయినోళ్ల పిల్లలమ్మా."

"నీకేమవుతారు?"

ఆమె బిందె దించి, కొంగుతో మొహం తుడుచుకుని, "నాకేమైతరు? ఏం గారు," అంది.

"వీళ్ల తల్లిదండ్రులెక్కడున్నారు?"

"మేస్త్రి యాడికి తోల్కపోతె గాడ. నాకేం తెల్వది బిడ్డా. వానలు పడ్డంక వస్తరు."

ఇక నాకు అడగాల్సింది ఏమీ కనబడలేదు. ముస్లిం ముసలమ్మ, హిందువుల పిల్లలు, రక్తసంబంధం లేదు, తల్లిదండ్రులు ఎక్కడున్నారో తెలియదు, బయట గొళ్లెం. నా బుర్రలో కథ మొత్తం తయారైపోయింది. ఆమె పేరు ఏ లక్ష్మమ్మో అయ్యుంటే గొళ్లెం ఎందుకు పెట్టావని కనీసం అడిగేదాన్నేమో. ఈ మాట రాస్తుంటే సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతోంది, అయినా రాస్తున్నాను. మీలోనూ అలాంటిది ఉంటుంది, చూసుకోండి.

నలుగుర్నీ జీపెక్కించాను. ఖాజాబీ ఊరి చివరిదాకా వెనకాల ఉరికింది. "మంజులకు దగ్గున్నది, సల్లటి నీళ్లు తాపకున్రి!" అని అరిచింది. మంజుల అంటే ఆ మూడేళ్ల పిల్ల. పట్టుబడ్డాక నాటకాలు అనుకున్నాను నేను.

రిపోర్టు ఆ సాయంత్రమే రాశాను. "తల్లిదండ్రులు వదిలి వెళ్లిపోయారు. సంబంధం లేని స్త్రీ పిల్లలను ఇంట్లో బంధించింది." తర్వాతి నెల పాలమూరు మీటింగులో పెద్దసారు నన్ను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. ఆ రోజు నేను కొత్త చీర కట్టుకుని వెళ్లాను.

వరండాలో ఖాజాబీ

ముగ్గురు పిల్లల అవ్వాతాతలు తెలకపల్లి వైపు నుంచి వారంలోపే వచ్చి, వేలిముద్రలు వేసి తీసుకెళ్లారు. శిశుగృహంలో మిగిలింది మంజుల. దాని తల్లికి, తండ్రికి ఇద్దరికీ పెద్దలు లేరు. మా శాఖ పద్ధతి ప్రకారం పేపర్లో ఫొటో వేయించాం. గడువులోగా ఎవరూ రాకపోతే కమిటీ దాన్ని "ఎవరూ లేని పిల్ల" అని తేల్చి దత్తతకు ఇస్తుంది. రోడ్డు పనిలో ఉన్న తల్లికి చదువు రాదు, ఆ పేపరు అక్కడికి పోనే పోదు. ఈ సంగతి మా ఆఫీసులో ఒక్కరికీ తట్టలేదంటే నమ్ముతారా? అప్పటికే పిల్లలు లేని దంపతులొకరు వచ్చి మంజులను చూసి, గౌను కూడా ఇచ్చి వెళ్లారు. వాళ్లు మంచివాళ్లే, వాళ్లనేమీ అనడానికి లేదు.

ఖాజాబీ మాత్రం వారం వారం బస్సెక్కి నాగర్‌కర్నూల్ వచ్చి మా ఆఫీసు వరండాలో కూర్చునేది. నాకు ఒళ్లు మండేది. ఒకరోజు బయటికొచ్చి, "పిల్లను నీకు ఇవ్వడం కుదరదమ్మా, ఊరికే తిరగకు" అని కసిరాను.

"నాకియ్యకు బిడ్డా. నేనెందుకడుగుత? దాని తల్లి వచ్చెదాంక ఇంకెవ్వరికియ్యకు. గంతే."

ఇంత స్పష్టంగా చెప్పిన మాట నాకు వినబడలేదు. పంపించెయ్యమని అటెండరుకు చెప్పి లోపలికి పోయాను. అతను ఆమెకు చాయ్ ఇప్పించి, బస్సు ఎక్కించి వచ్చాడట. నాకన్నా అతనే నయం.

"నా పిల్లేది?"

గడువుకు ఇంకా నాలుగు రోజులున్నాయనగా, చంకలో పాలు తాగే బిడ్డతో ఒకామె ఆఫీసులోకి దూసుకొచ్చింది. కాళ్లు పగిలి ఉన్నాయి, జుట్టు నిండా సిమెంటు దుమ్ము. వెనకాల ఖాజాబీ.

"నా పిల్లేది మేడం? నా మంజుల ఏది?"

ఆమె చిట్టెమ్మ. ఖాజాబీ పక్కూళ్లో ఉన్న మేస్త్రి ఇంటి చుట్టూ తిరిగి తిరిగి, ఆ ఇంటివాళ్లతో పనికాడికి ఫోన్ చేయించిందట. మొగుణ్ని మేస్త్రి పని మధ్యలో కదలనివ్వకపోతే ఈమె ఒక్కతే బస్సులు మారుతూ వచ్చింది.

నువ్వు తల్లివని రుజువేముందని అడిగాను. మంజుల పనిజాగాలోనే పుట్టింది, కాగితమేమీ లేదంది.

"వదిలేసి వెళ్లినదానివి ఇప్పుడొచ్చి అడుగుతున్నావా?" అన్నాను.

"ఇడిసిపెట్టి పోలె మేడం," అంది. గొంతు పెంచలేదు. "పోయినేడు మా గుంపుల ఒకామె పిల్ల టిప్పర్ నీడకు పండుకున్నది. డ్రైవర్ సూడలే. టిప్పర్ ఎనకకొచ్చింది." అక్కడ ఆగి బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది. "గది జూసినంక మంజులను తీస్కపోబుద్ధి గాలె. గీ సంటిది పాలు తాగుతది, ఇడ్సలేను. మంజులను అవ్వ తాన పెట్టిపోయిన. మా ఊళ్లె అందరం గట్లనే పెడ్తం. అవ్వ అందరికి ఒకటే తల్లెల తినవెడ్తది, ఒకరికెక్కువ ఒకరికి తక్కువ గావద్దని. ఇంటెనక గట్టు లేని బాయి ఉన్నది. నీళ్లకు పోయినప్పుడు గొళ్లెం పెట్టకుంటె పిల్లలు దక్కుతరా?"

గొళ్లెం, తల్లె, అన్నీ నా రిపోర్టులో ఉన్నాయి. అన్నీ తలకిందులుగా ఉన్నాయి.

నా సంతకం

మా ఆఫీసరు దగ్గరికి వెళ్లాను. చెడ్డవాడేం కాదు, భయస్తుడు. "ఆమె పోయి కమిటీ ముందల చెప్పుకుంటది, వాళ్లు జూసుకుంటరు. మీరు రాసింది మీరే తప్పంటె రేపు మీ రిపోర్టు ఎవరు నమ్ముతరు మేడం? ఊకోండ్రి," అన్నాడు.

రెండు రోజులు ఊరుకున్నాను. ఆ రెండు రోజులూ ఏమనుకున్నానో కూడా రాయాలి. ఆ దంపతులకు ఇల్లుంది, పిల్లను చదివిస్తారు, చిట్టెమ్మ వెంట పోతే ఏముంది, రాళ్లూ టిప్పర్లూ కదా అనుకున్నాను. ఎంత హాయైన ఆలోచనో అది! ఆ ఆలోచన వస్తే నేను చేయాల్సిన పనేమీ ఉండదు. ఒక పిల్ల తన తల్లికి శాశ్వతంగా కాకుండా పోతుంది, అంతే.

మూడో రోజు కంచం ముందు నుంచి లేచి ఆ ఊరికి పోయాను. ఈసారి కూర్చున్నాను. పది ఇళ్లవాళ్లు అదే మాట చెప్పారు. ఖాజాబీ ఇరవై ఏళ్లుగా బతకపోయినోళ్ల పిల్లలను సాకుతోందట. నేను జీపెక్కించిన రోజు నుంచి ఎవరో ఆమెను పిల్లలనెత్తుకపోయే మనిషి అని కూడా అంటున్నారట. బావి దగ్గర నిలబడి లోపలికి చూశాను. తిరిగొచ్చి మూడు పేజీలు రాశాను. మొదటి వాక్యం, "ఈ పిల్ల విషయంలో నేనిచ్చిన రిపోర్టు తప్పు."

కమిటీ రోజున మంజులను తీసుకొచ్చారు. జుట్టు కత్తిరించారు, కొత్త గౌను వేశారు. చిట్టెమ్మ రెండు చేతులూ చాపింది. పిల్ల శిశుగృహం ఆయమ్మ చీర పట్టుకుని వెనక్కి దాక్కుంది. చిట్టెమ్మ మోకాళ్ల మీద కూర్చుని, "మంజీ, నేనే, అమ్మనే" అంటోంది. పిల్ల చూడదు. గదిలో ఉన్న పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బెంచీ మీద ఆ దంపతులు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

ఖాజాబీని లోపలికి రానివ్వలేదు, సంబంధం లేదు కదా! నేను లేచి, ఎవర్నీ అడక్కుండా తలుపు తీసి ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. మంజుల ఆమెను చూసింది. చీర వదిలేసి నడుచుకుంటూ వచ్చి ఆమె కాళ్లను చుట్టుకుంది. ఖాజాబీ పిల్లను ఎత్తి, ముద్దు పెట్టుకుని, చిట్టెమ్మ ఒడిలో కూర్చోబెట్టింది. "మీ అమ్మ రా. నీకోసం గంత దూరంకెల్లి వచ్చింది," అని పిల్ల వీపు నిమురుతూ అక్కడే కూర్చుంది. కమిటీ పెద్దావిడ నా మొదటి వాక్యాన్ని పైకి రెండుసార్లు చదివి, పిల్లను తల్లికిచ్చారు. బెంచీ మీదావిడ చీరచెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ గౌను కొన్నది ఆమే. ఆమె వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది.

మైకు పక్కన పెట్టిన మనిషి

తర్వాతి ఏడు నన్ను వనపర్తికి మార్చారు. ఇలాంటిది మళ్లీ జరగకూడదని రెండు చోట్ల ఆఫీసర్లను ఒప్పించి, నాగర్‌కర్నూల్ వాళ్లను కూడా కలిపి సూపర్‌వైజర్ల మీటింగు పెట్టాను. చిట్టెమ్మను, బతకపోయి వచ్చే ఇంకో ముగ్గురు తల్లులను పిలిచాను. వాళ్ల బాధ వింటే మావాళ్ల కళ్లు తెరుచుకుంటాయని నా ఆశ. చాయ్‌లయ్యాక మైకు ఆమె చేతికిచ్చి, "చిట్టెమ్మా, నీకు జరిగింది చెప్పు" అన్నాను.

ఆమె మైకు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎందుకు మేడం? నేను చెప్తె గీళ్లంత ఏడుస్తరు. ఏడ్చి ఇంటికి పోతరు. మాకేమొస్తది?"

"మరేం చేద్దామంటావు?" అన్నాను.

"మీరు రాసుకునే కాయిదం ఉంటది గద, గది సదువున్రి. నేనింట."

ఫారం చదవడం మొదలుపెట్టాను. మొదటి ప్రశ్న, పిల్లవాడితో సంబంధం. చెయ్యెత్తి ఆపేసింది.

"గీడనే తప్పు. అవ్వకు నా పిల్ల ఏం గాదు, నిజమే చెప్పింది. ఎవరు పెట్టిపోయిన్రు, యాడికి పోయిన్రు, మేస్త్రి ఎవరు, ఎప్పుడొస్తమన్నరు, గవి అడుగున్రి ముందుగాల."

తెలకపల్లి నుంచి వచ్చినామె అందుకుంది. "గీ మీటింగు ఏటేట దసరా ముందల పెట్టున్రి. మేం పోయినంక పెడ్తె ఎవరికి చెప్తరు?" ఇంకొకామె, పిల్లలను చూసుకునే ఇంటికే అంగన్‌వాడీ తిండి చేర్చమంది. వెనక నుంచి మా ఆఫీసరొకాయన, "రూల్స్ తెల్వకుండ మాట్లాడ్తున్రు," అని గొణిగాడు.

"రూల్స్ తెల్సిన మేడమే గద సారు, నా పిల్లను ఎత్కపోయింది," అంది చిట్టెమ్మ.

అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ మధ్యాహ్నం రెండు ఆఫీసుల ఫారాలు మారాయి. ప్రతి అంగన్‌వాడీలో దసరాకు ముందే, ఎవరి పిల్లలు ఎవరి దగ్గర ఉంటారో రాసుకునే పుస్తకం పెట్టాం. తిండి ఇళ్లకు చేర్చాం. పైవాళ్లు ఒప్పుకోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది, కొన్ని ఒప్పుకోనేలేదు. మీరు కుటుంబాలను మీటింగుకు పిలిస్తే వాళ్ల కన్నీళ్ల కోసం పిలవకండి. మీ ఫారం వాళ్ల ముందు పెట్టి, ఎక్కడ తప్పుందో అడగండి. వాళ్లు చెప్పింది మీకు నచ్చదు. నాకూ నచ్చలేదు.

ఎవ్వరూ లేరు

దసరా వచ్చింది. చిట్టెమ్మ మళ్లీ బతకపోతోందని తెలిసి, సెలవు పెట్టుకుని ఆ ఊరికి వెళ్లాను. నాతో ఆ ఊరి అంగన్‌వాడీలో అడిగి తెచ్చుకున్న పుస్తకం, తిండి మూట ఉన్నాయి. ఖాజాబీ ఇంటి గడపలో కూర్చున్నాను. నీళ్లిచ్చింది.

"ఈ ఏడు ఎవరి పిల్లలున్నారవ్వా నీ దగ్గర?"

"ఎవ్వరు లేరమ్మా. ఇప్పుడు ఎవ్వరిని పెట్టుకుంటలేను," అంది, నా వైపు చూడకుండా.

మూలన జొన్నల బస్తా వెనక నుంచి చిన్న కాలివేళ్లు కనిపిస్తున్నాయి. ఊపిరి కూడా వినబడకుండా నిలబడటం ఎవరో ఆ పిల్లకు నేర్పారు. నేను పుస్తకం మూసి, తిండి మూట గడప దగ్గర పెట్టి బయటికొచ్చాను. నాకు ఏడుపు ఆగలేదు.

ఊరి బయట లారీ నిలబడి ఉంది. చిట్టెమ్మ మూట ఎక్కిస్తోంది. జరిగింది చెప్పాను. ఆమె ముడి బిగిస్తూనే, "నేనే గట్ల చెప్పుమన్న మేడం," అంది.

"నేనంటే ఇంకా భయమేనా చిట్టెమ్మా?"

"నువ్వంటె భయం లేదు. నేను రాసింది తప్పు అని రాసినవ్, గంత పని ఎవ్వరు జేస్తరు? కానీ నిన్ను ఇప్పటికే వనపర్తికేసిన్రు. నీ ఎనక వచ్చెటోళ్లు ఎట్లాంటోళ్లో నాకేం ఎర్క? ఆళ్లను జూసినంక అవ్వ నిజం చెప్తది."

లారీ కదిలింది. ఆమె చెయ్యి ఊపింది, నేనూ ఊపాను. అప్పటి నుంచి నాగర్‌కర్నూల్‌లో నా పాత కుర్చీలో ఎంతమంది కూర్చుని లేచారో నాకు తెలియదు. ఈ వారం అక్కడ చేరబోయేది మీరిద్దరే. మీరెలాంటివాళ్లో చూద్దామని ఆ ఊరు ఇంకా కాచుకునే ఉంది.